ముప్పై ఒకటో పువ్వు

కర్నూల్లో కొండారెడ్డి బురుజు నీడ పొద్దున ఒక పక్క పడుతుంది, మధ్యాహ్నం దాటాక ఇంకో పక్క. ఆ నీడ వెంట పూలబుట్ట జరుపుకుంటూ కూర్చునే మనిషి హంపమ్మ. యాభై అయిదేళ్ళుంటాయి. ఎన్నేళ్ళని ఎవరన్నా అడిగితే, "తుంగభద్రకు పెద్దేరొచ్చిన యేడు పుట్టినా" అంటుంది. ఏ ఏరని అడిగితే, "ఎన్నొచ్చినాయో నువ్వే లెక్కబెట్టుకో పో" అంటుంది. ఆమె దగ్గర మూరెడు పూలు కొనాలంటే మూడు మాటలు పడాల్సిందే. అయినా జనం ఆమె దగ్గరికే వస్తారు. మోచేతి నుంచి నడివేలి కొస దాకా నిజాయితీగా కొలిచి, పైన ఇంకో నాలుగు పూలు వేసి మరీ ఇస్తుంది.

మూడేళ్ళ పాటు ఈ ఊరు రాజధాని. ఊరంతా గుడారాలే, గుడారాల్లో సర్కారు కచేరీలే. రోజూ ఎవరో ఒక మంత్రి రావడం, ఆయనకు దండలు. తర్వాత రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది, గుడారాలు పీకేశారు, పూలమ్మేవాళ్ళంతా నెత్తిన చేతులు పెట్టుకున్నారు. హంపమ్మ మాత్రం, "పోతే పోనీలేబ్బా. మంత్రి మెళ్ళో దండ వేసీ వేయకముందే తీసి పక్కన పెడతాడు. ఆ మాత్రానికి ఏ పువ్వు కడితే ఏముండాది?" అని తేల్చేసింది. భర్త బొజ్జన్న ఏటి అవతలి తోటల నుంచి పూలు తెస్తాడు, ఆమె కడుతుంది. కొడుకు కంబన్న బస్సు డిపోలో పని చేస్తాడు. తినడానికి ఉంది, తిట్టడానికి మనుషులున్నారు. ఇంకేం కావాలి అన్నట్టుగా ఉంటుంది ఆమె బతుకు.

ఆమె గర్వమంతా ఏడాదికి ఒక్కసారి కట్టే ఒక్క దండలో ఉంది. పీర్ల పండుగ పదో రోజు, పీర్లు ఏటికి బయలుదేరే ముందు పెద్ద పీరుకు వేసే దండ అది. పీరును ఎత్తే హక్కు పీర్ల చావిడి చూసుకునే ముజావరు దస్తగిరి సాబు వంశానిది. దండ కట్టే హక్కు హంపమ్మ అత్తగారింటిది, అందులోనూ ఆ ఇంటికి వచ్చే కోడళ్ళది. ఈ ఏర్పాటు ఎవరు చేశారో తెలియదు. నవాబుల కాలం నాటిదని దస్తగిరి అంటాడు.

ఆ దండలో నలభై ఎనిమిది గుత్తులు. మల్లె, కనకాంబరం, గులాబి, నందివర్ధనం, నేలసంపెంగ, ఎర్ర గన్నేరు, మరువం, దవనం అని ఎనిమిది రకాలు. ఏ గుత్తి తర్వాత ఏ గుత్తి రావాలో ఒక వరస ఉంది. అది పాటలాగా మళ్ళీ మొదటికి వచ్చేది కాదు, ఎక్కడికక్కడ వేరు. ఏడాదికోసారి కట్టేదాన్ని నోటికి నేర్చుకున్నా నిలవదు. అందుకని చదువు రాని ఆ ఇంటి ఆడవాళ్ళు వరసను ఒక నూలు దారం మీద ముడులుగా దాచుకున్నారు.

దారం ఏడు మూరలు. దాని మీద చిన్న ముడి, పెద్ద ముడి అని రెండే రకాలు. మూడేసి ముడులు కలిస్తే ఒక పువ్వు. మూడూ చిన్నవైతే మల్లె, మూడూ పెద్దవైతే ఎర్ర గన్నేరు. పెద్దది, చిన్నది, చిన్నది అయితే కనకాంబరం. పెద్దది, పెద్దది, చిన్నది అయితే మరువం. ఇట్లా ఎనిమిదింటికీ ఎనిమిది గుర్తులు. ఒక పువ్వుకూ ఇంకో పువ్వుకూ మధ్య ప్రత్యేకంగా ఎడం ఉండదు. ముడులన్నీ సమానమైన దూరంలో వరసగా సాగిపోతాయి. "నడుమ సందు ఇడిస్తే చదవను సులువు గదత్తా?" అని హంపమ్మ కొత్తకోడలిగా అడిగింది. "సులువే. నీకూ సులువు, దొంగకూ సులువు" అంది అత్త ఈరక్క. దారం మొదట్లో ఎర్ర పోగు ఉంటుంది. అక్కడ బొటనవేలు ఆనించి మూడు, మూడు, మూడుగా తడుముతూ పోవాలి. మధ్యలో ఎక్కడో పట్టుకున్నవాడికి ఏమీ అర్థం కాదు.

ఈరక్క మాట కత్తి, చెయ్యి అంతకన్నా కత్తి. దండలో ఎర్ర గన్నేరు ఒక్కటే, అదీ చిట్టచివర వస్తుంది. పీరు ఏటి ఒడ్డుకు చేరాక ఆ గన్నేరు గుత్తిని విడదీసి పంచుతారు. బిడ్డలు లేనివాళ్ళు కొంగు పడతారు, జ్వరంతో ఉన్నవాళ్ళు దిండు కింద పెట్టుకుంటారు. మొదటి యేడు హంపమ్మ తొందరలో ఆ గన్నేరు బదులు గులాబి కట్టబోయింది. ఈరక్క చేతిలో ఉన్న దబ్బనం మొనతో మణికట్టు మీద ఒక్క గీరు గీరింది. ఆ గీత ఇప్పటికీ ఉంది. ఈరక్క చనిపోయి పాతికేళ్ళు దాటినా, గన్నేరు ముట్టుకుంటే హంపమ్మకు అక్కడ చురుక్కుమంటుంది.

ఇక దేవేంద్రప్ప గురించి చెప్పాలి. ఆదోని వైపు మనిషి, కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే లెక్చరరు. భార్యకు రోజూ రెండు మూరల మల్లెలు కొనేవాడు. 1959 ఎండాకాలంలో ఒకనాడు హంపమ్మ పూలు కట్టి ఇచ్చేదాకా బురుజు నీడలో నిలబడి, ఏదో ఇంగ్లీషు పత్రికలో తల దూర్చి లోకం మరిచిపోయాడు.

"ఏంది సారూ, అందులో అంత మునిగిపోయినావు? బంగారం దొరికిందా?" అంది హంపమ్మ.

చెప్పడం మొదలుపెడితే ఆపలేని వాళ్ళలో దేవేంద్రప్ప ఒకడు. బండ మీద చతికిలబడ్డాడు. "మన ఒళ్ళంతా కణాలు హంపక్కా. కంటికి కనపడనంత సన్న గదులు. ఒక్కో గది నడుమ ఒక పెట్టె, ఆ పెట్టెలో దారం. ఆ దారానికి నాలుగు రకాల ముడులుండాయనుకో. డి.ఎన్.ఏ. అంటారు."

"పేరు నాకెందుకు గానీ, ముడులతో ఏం చేస్తారు?"

"మాంసకృత్తులు కడతారు. కండ, నెత్తురు, ఎంట్రుక, తిన్న కూడు అరిగించే రసాలు, వీటన్నిట్లో పని చేసేవి అవే. అమైనో ఆమ్లాలని ఇరవై రకాల పూలుండాయి. దారం మీద ముడుల వరస ఎట్లుంటే అట్ల, పువ్వు పక్కన పువ్వు కట్టుకుంటా పోతే ఒక దండ. వరస మారితే దండ వేరే. కట్టినాక ఆ దండ తనంతకు తానే ముడుచుకోని ఉండ అయితాది. అప్పుడు దాని పని అది చేస్తాది."

"కట్టేదెవరు?"

"గదిలో గింజల మాదిరి శానా చిన్నవి ఉండాయి. కట్టేది ఆడ. అసలు దారం మాత్రం పెట్టె దాటి బయటికి రాదు, దాని నకలు వస్తాది. ఒక్కో పువ్వును పట్టుకొచ్చి అందించే కూలోళ్ళు గూడా ఉండారని ఈ మధ్యనే కనుక్కున్నారు."

హంపమ్మ పూలు కట్టడం ఆపింది. "మా కంబన్న చెవులు అచ్చం మా అత్తవే. అది గూడా ఈ దారమేనా?"

"ఆ దారమే."

"సచ్చినా వదల్లే ముసల్ది" అని గొణిగి, హంపమ్మ మళ్ళీ అడిగింది. "సరే గానీ, ఎన్ని ముడులకు ఒక పువ్వు?"

దేవేంద్రప్ప ముఖం వెలిగిపోయింది. కాలేజీలో నలభైమంది పిల్లలకు చెప్పినా ఒక్కడూ అడగని ప్రశ్న అది. "అదే ఇంకా ఎవురికీ తెల్దు! నాలుగు రకాల ముడుల్ని రెండేసి తీసుకుంటే పదహారు గుర్తులే వస్తాయి, ఇరవై పూలకు చాలవు. మూడేసి తీసుకుంటే అరవై నాలుగొస్తాయి, సరిపోయి మిగుల్తాయి. మూడే అయ్యుంటాదని పెద్దపెద్దోళ్ళ అనుమానం. రుజువు మాత్రం కాలే."

"మూడే" అంది హంపమ్మ.

"నీకెట్ల తెలుసు?"

"మా అత్త చెప్పింది."

అప్పుడు తన ఇంటి దారం సంగతి చెప్పింది. బయటివాళ్ళకు చెప్పగూడని సంగతే. కానీ ఇంత లావు పుస్తకాలు చదివినాయన తన ఇంట్లో ఉన్నదాన్నే కొత్తగా చెబుతుంటే ఎంతసేపని నోరు కట్టుకుంటుంది? దేవేంద్రప్ప నోరు తెరుచుకుని విన్నాడు. చూపించమన్నాడు. పండుగ దినాల్లో తప్ప పెట్టె తీయకూడదని ఆమె అంది. తొమ్మిదో రోజు దండ కట్టేటప్పుడు వచ్చి చూడమంది.

ఆ ఏడు పండుగకు హంపమ్మకు ఇంకో పెద్ద పని ఉంది. బొటనవేలు మొద్దుబారింది. చిన్న ముడి ఏదో పెద్ద ముడి ఏదో ఒక్కోసారి తెలియడం లేదు. దండ హక్కు కోడలు మద్దమ్మకు అప్పగించాలి. మద్దమ్మ కమలాపురం దగ్గరి పల్లె నుంచి వచ్చిన పిల్ల. అత్త పది మాటలంటే ఒక మాట అంటుంది, ఆ ఒక్కటి కూడా మెల్లగా. ఆ నెమ్మది చూసి హంపమ్మకు ముచ్చటా వేసేది, ఒళ్ళూ మండేది.

హక్కు చేతులు మారేటప్పుడు ఒక పద్ధతి ఉంది. దిగిపోయే మనిషి పాత దారం చూసి కొత్త దారం ముడివేయాలి. వేసినంతసేపూ నోరు విప్పకూడదు. మర్నాడే పాత దారాన్ని ఏట్లో వదలాలి. ఒక ఇంట్లో రెండు దారాలుంటే ఇల్లు రెండవుతుందని నమ్మకం. హంపమ్మ పండుగ ఏడో రోజు ఆ పనికి కూర్చుంది. మద్దమ్మ మామతో కలిసి తోటలకు పోయింది, కంబన్న పనికి పోయాడు, ఇంట్లో ఇంకెవరూ లేరు. నూట నలభై నాలుగు ముడులు. హంపమ్మ నోరు మూసుకుని ఒక పూట కూర్చోవడమే ఒక వింత, ఆ వింత చూడడానికి ఒక్కరూ లేకపోయారు.

తొంభై ఒక్క ముడులు పడ్డాయి. ముప్పై గుత్తులు పూర్తయి, ముప్పై ఒకటో దానికి మొదటి ముడి పడింది. అప్పుడు వీధి చివర తప్పెట్లు మోగాయి. పీర్లు ఊరేగింపుగా వస్తున్నాయి. పీరు వాకిట్లోకి వస్తే, ఇంటి ఆడమనిషి పసుపునీళ్ళు తెచ్చి, ఎత్తినవాళ్ళ కాళ్ళ మీద పోయాలి. ఇంట్లో ఉండి పోయకపోవడమన్నది ఆ వీధిలో ఎవరూ ఊహకు కూడా రానివ్వరు. హంపమ్మ తర్వాత వేయవలసిన ముడి దగ్గర, పాత దారం మీద గుర్తుగా ఒక చింతగింజ పెట్టి లేచింది. బిందెలో పసుపు కలిపి, నీళ్ళు పోసి, పీరుకు దండం పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుని వచ్చి కూర్చుంది. మాట మాత్రం ఒక్కటీ మాట్లాడలేదు. కానీ చింతగింజ ఉన్న ముడి అయిపోయిన ముడి అనుకుని, దాని తర్వాతి ముడి అందుకుంది.

మర్నాడు పాత దారాన్ని ఆకులో పెట్టి, కర్పూరం వెలిగించి, తుంగభద్రలో వదిలింది. నీళ్ళు అప్పుడే ఎర్రగా తిరుగుతున్నాయి. ఆకు తిరిగి తిరిగి కనుమరుగైంది. "పోయిరా అత్తా" అంది. మనసు తేలికపడింది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం అరుగు మీద తడిగుడ్డ పరిచి ఎనిమిది రకాల గుత్తులూ పేర్చారు. దేవేంద్రప్ప గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మద్దమ్మ ఎడమ బొటనవేలితో కొత్త దారం తడుముతూ పువ్వు పేరు చెబుతుంటే, హంపమ్మ ఆ గుత్తి తీసి అందిస్తోంది, మద్దమ్మ కడుతోంది.

"హంపక్కా, నువ్వే ఆ కూలిదానివి" అని దేవేంద్రప్ప నవ్వాడు. "పాప చెప్పే మాటే నకలు."

"కూలిదాన్నే, కూలి ఇచ్చిపో" అంది హంపమ్మ. అందరూ హాయిగా ఉన్నారు.

ముప్పై గుత్తుల దాకా చెయ్యి ఆగలేదు. ఆ తర్వాత రెండు మూడు గుత్తులు హంపమ్మకు కొత్తగా అనిపించాయి. మద్దమ్మది కొత్త వేలు కదా, తనకే మతిమరుపు కదా అని సర్దుకుంది. ముప్పై నాలుగో దాని దగ్గర మద్దమ్మ మెల్లగా, "గన్నేరు" అంది.

హంపమ్మ చెయ్యి ఆగిపోయింది. "గన్నేరు నడుమ రాదే! సరింగ తడుము."

"మూడూ పెద్దవే అత్తా."

హంపమ్మ దారం లాక్కుని తనే తడిమింది. మూడూ పెద్దవే. పోనీ చూద్దామని కొస దాకా పోయారు. మరువం మీద మరువం, దవనం మీద దవనం, ఎన్నడూ చూడని వరస. అంతా అయ్యాక కొసన రెండు పెద్ద ముడులు మిగిలాయి. రెండు ముడులకు పువ్వు లేదు.

ఇంకొకరైతే కోడలి మీద పడేవారు. హంపమ్మకు ఆ ఆలోచన వచ్చి, వచ్చినంత వేగంగానే పోయింది. దారం తన చేతిది. పాతది ఏట్లో ఉంది. పోయిన యేటి దండా ఏట్లోనే ఉంది. ఎన్ని తరాల కోడళ్ళు ఒక్క పువ్వు పోకుండా ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుంటూ వచ్చినదాన్ని తను పోగొట్టింది. రేపు మధ్యాహ్నానికి పీరు మెళ్ళో ఏం వేయాలి? ఎల్లకాలానికి ఈ పిల్ల చేతిలో ఏం పెట్టాలి? దారం మద్దమ్మ చేతిలో పెట్టేసింది. పెళ్ళినాడు కూడా ఏడవని మనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

దేవేంద్రప్పకు సమయమూ సందర్భమూ తెలియదు. లేచి నిలబడ్డాడు. "హంపక్కా, చూసినావా! మొదటి ముప్పై మారలే! ఆడ్నించి కొస దాకా అన్నీ మారినాయి. ఒక్క ముడి పోయిందంటే..."

"ఇల్లు కాలి నేనేడుస్తాంటే చుట్టకు నిప్పడిగినట్లుండాది సారూ నీ యవ్వారం!" అని హంపమ్మ కసిరింది. ఆయన కూర్చున్నాడు. కానీ ఆ మాట ఆమె చెవిలో పడనే పడింది. ఒక్క ముడి.

మద్దమ్మ ఇంతసేపూ దారాన్ని ఎండలోకి పట్టి చూస్తోంది. "అత్తా, ఈడ పసుపుండాది."

తెల్లటి నూలు మీద ఒక ముడి దగ్గర పచ్చటి వేలిముద్ర. హంపమ్మ చూసింది. తప్పెట్లు, బిందె, తడిచెయ్యి, చింతగింజ, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. నెత్తి మీద ఫట్టున కొట్టుకుంది. "గింజ పెట్టింది వేయాల్సిన ముడికి! నేనేమో వేసినాననుకుంటి!"

ఎర్ర పోగు నుంచి లెక్కపెట్టారు. పసుపు ముడి చిన్నది, ముప్పై ఒకటో గుత్తిలోనిది. దానికి ముందు ఒక పెద్ద ముడి ఉంది. ఆ రెండింటి నడుమ ముడి గల్లంతు. "ఆడ ఒగటి ఉండాదనుకోని, పసుపు ముడితో గుత్తి అయిపోయిందనుకో. దాని తర్వాత నుంచి మూడు మూడు తడుము మద్దీ" అంది హంపమ్మ. మద్దమ్మ తడిమింది. గులాబి, నేలసంపెంగ, నందివర్ధనం, దవనం. హంపమ్మ పెదవులు కూడా కదులుతున్నాయి. విన్నకొద్దీ వరస తన చేతులకు గుర్తొస్తోంది. పోయినవాళ్ళు ఒక్కొక్కరే ఇంటికి తిరిగొస్తున్నట్టుంది ఆమెకు. కొసన మిగిలినవి రెండు కాదు, మూడు పెద్ద ముడులు. గన్నేరు. దేవేంద్రప్ప చప్పట్లు కొట్టాడు. ఈసారి హంపమ్మ కసరలేదు.

ఇక మిగిలింది ఒకే ఒక్క చిక్కు. పోయిన ముడి చిన్నదా, పెద్దదా? చిన్నదైతే ముప్పై ఒకటో గుత్తి కనకాంబరం. పెద్దదైతే మరువం. దాని ముందువీ వెనకవీ ఎట్లా అయినా సరిగ్గానే ఉంటాయి. హంపమ్మ కళ్ళు మూసుకుని చూసింది, చేతులు గాల్లో కట్టి చూసింది. గుర్తు రాలేదు. అప్పుడే తోట నుంచి వచ్చిన బొజ్జన్నను అడిగింది. "నేను పూలు తెచ్చేటోణ్ణి గానీ కట్టేటోణ్ణా?" అని ఆయన కాళ్ళు కడుక్కోను పోయాడు.

బుట్టలు చూస్తే మరువం అయిపోయింది. తప్పుడు వరసలో కట్టి చెడగొట్టిన గుత్తుల్లోకే పోయింది. మిగిలిన వరసలో మరువం రాదు, ఆ ఒక్క గుత్తి కోసం పొద్దువాలే వేళ మళ్ళీ ఏరు దాటి తెచ్చే వీలూ లేదు. కనకాంబరం బుట్టెడు ఉంది. దైవనిర్ణయమని చెప్పుకోవచ్చు గానీ, హంపమ్మ అట్లాంటి అబద్ధం తనకు తాను చెప్పుకునే రకం కాదు. ఉన్నది కట్టాలి కాబట్టి కనకాంబరం. పసుపు ముడికి ముందు ఉచ్చు వేసి, మిగతా దారమంతా ఆ ఉచ్చులోంచి ఓపిగ్గా లాగి, ఒక చిన్న ముడి బిగించింది. దీపాలు పెట్టే వేళకు దండ పూర్తయింది.

"ఈ సంగతి ఎవురికన్నా రాయల్ల హంపక్కా" అన్నాడు దేవేంద్రప్ప పోతూ పోతూ. "ఒక్క ముడి పోతే కొస దాకా చెడుతాది, ఒక్క ముడి పెడితే మళ్ళ సర్దుకుంటాది. మూడు మూడుగా చదివితేనే గదా ఇట్ల జరిగేది?"

"రాయి. మా అత్త పేరు గూడా రాయి" అంది.

అన్నదే గానీ, మర్నాడు మద్దమ్మ చేత దండ పట్టించుకుని పీర్ల చావిడికి పోతుంటే హంపమ్మ గుండె బరువుగానే ఉంది. నలభై ఏడు సరే, ఆ ఒక్కటి? మరువమే అయ్యుంటే? దస్తగిరి సాబు డెబ్భై దాటిన మనిషి. ఈరక్కను అక్కా అని పిలిచేవాడు, అందుకని హంపమ్మకు మామ. దండ అందుకుని, ఆమె ముఖం చూసి, "ఏం కోడలా, పండగ పూట ఆ మొగమేంది?" అన్నాడు.

హంపమ్మ ఆయన్ను పక్కకు పిలిచి అంతా చెప్పేసింది. తప్పెట్లు, చింతగింజ, అయిపోయిన మరువం. "ఆ పువ్వు నిజం పువ్వో కాదో నాకు తెల్దు మామా. నువ్వు ఏసొద్దంటే ఇప్పుడే తీస్కపోతా."

దస్తగిరి దండను చేతుల మీద అటూ ఇటూ తిప్పి చూశాడు. గడ్డం గోక్కున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మీ అత్త గూడా ఇట్లనే వచ్చి, ఇదే స్తంభం కాడ కూచ్చోని ఏడ్సింది" అన్నాడు.

"మా అత్తా? ఏడ్సిందా?"

"మొదటి యేడు. అప్పుడు మా నాయిన ముజావరు. నాకు మీసాలొస్తాండాయి. ఆమెకు దారం ఏసిచ్చిన పెద్దామెకు కండ్లు సరిగా లేవు. కొస గుత్తిలో నడిమి ముడి చిన్నది ఏయాల్సిన కాడ పెద్దది పడె. గన్నేరుకు గుర్తుండేది గానీ, దండలో అంతకుముందు ఎన్నడూ రాలేదంట. దవనం ఉండాల్సిన కాడ మీ అత్త గన్నేరు కట్టుకోనొచ్చె. మా నాయిన చూసి, ఎర్రగా శానా బాగుండాది, ఏద్దాం రామ్మా అనె. ఆ యేడు వానలు బాగా పడె. మరుసటేడు దవనం కడదామంటే జనం ఊరుకుంటే గదా! గన్నేరేదీ, గన్నేరేదీ అని ఒగటే గొడవ. ఎవురికీ చెప్పొద్దని మీ అత్త నాతో ఒట్టేయించుకునె. ఇంతకాలం చెప్పలే."

కుడిచెయ్యి తనంతట తానే ఎడమ మణికట్టు మీది గీతను తడిమింది. ఏ గన్నేరు కోసం ఆ గీత పడిందో ఆ గన్నేరే తప్పు పువ్వు. ముందు కోపం వచ్చింది. ఆ వెనకే నవ్వొచ్చింది. స్తంభం పట్టుకుని, కళ్ళలో నీళ్ళు కారేదాకా నవ్వింది. నవ్వి నవ్వి అలిసిపోయాక చూసుకుంటే, అవి వట్టి నవ్వు నీళ్ళు కావు. అంత కత్తిలాంటి మనిషి ఆ స్తంభం కింద ఒంటరిగా కూర్చుని ఏడవడం తలుచుకుంటే, ఇన్నేళ్ళలో మొదటిసారి అత్త మీద ప్రేమ పుట్టింది.

దండ పీరు మెళ్ళో పడింది. తప్పెట్లు మోగాయి, ఊరంతా ఏటి దారి పట్టింది. ఒడ్డున గన్నేరు కోసం ఆడవాళ్ళు ఎప్పటిలాగే ఎగబడ్డారు. ముప్పై ఒకటో గుత్తి వంక ఎవరూ చూడలేదు. జనంలో దేవేంద్రప్ప కూడా భార్యతో నిలబడి, ఒక గన్నేరు రేకు జేబులో వేసుకుంటూ హంపమ్మకు దొరికిపోయాడు.

పొద్దు వాలుతుండగా అత్తాకోడళ్ళు ఇంటికి నడిచారు. హంపమ్మ దస్తగిరి చెప్పిందంతా మద్దమ్మకు చెప్పింది. ఈరక్క చచ్చేదాకా దాచుకున్న సంగతిని ఈమె నాలుగు గంటలు కూడా దాచుకోలేకపోయింది. దాచుకోవాలని అనుకోనూ లేదు.

"గ్యాపకం పెట్టుకో మద్దీ. కొసన ఉండే గన్నేరు మా అత్తది. ముప్పై ఒకటో పువ్వు నాది. నీది ఏదయితాదో ఇంకా తెల్దు."

మద్దమ్మ మెల్లగానే అంది. "నాది తప్పు పోదు లే అత్తా. నేను గింజ పెట్టను, సున్నంబొట్టు పెడతా."

హంపమ్మ కోడలి భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి ఇల్లు చేరేదాకా తీయలేదు.

"మేమూ అట్లనే అనుకుంటిమమ్మా" అంది.